మువ్వలంక బోటుకు బ్రేకులు

పడవకు బ్రేకులుండవని చిన్నపిల్లలకు కూడా తెలుసు. మా ఆఫీసులో పెద్దవాళ్ళకు ఆ సంగతి తెలియడానికి రెండు సమావేశాలు పట్టాయి. బ్రేకులు కావలసింది పడవకు కాదు, పడవను మోసే బండికి అని తెలియడానికి ఇంకో సమావేశం పట్టింది.

నేను పనిచేసేది వరద నౌకా సంరక్షణ విభాగంలో. వరద వచ్చినప్పుడు లంక గ్రామాల జనాన్ని బోట్లలో ఎక్కించి ఒడ్డుకు చేర్చడం మా పని. ఆఫీసు మాత్రం గోదావరికి బాగా దూరంగా, ఊరు మొత్తానికి ఎత్తైన మెరక మీద ఉంటుంది. వరద శాఖవాళ్ళ ఆఫీసే మునిగితే నవ్వులపాలవుతామని ముందుచూపున్న మహానుభావుడెవరో అక్కడ కట్టించాడు. ఆయన ముందుచూపు ఫలించింది. ఇంతవరకూ మేము మునగలేదు.

ఆ వేసవిలో మాకో కొత్త బోటు వచ్చింది. నలభై మంది కూర్చునే ఫైబరు బోటు. నారింజ రంగు, వెనకాల రెండు ఇంజన్లు, పైన టాపు, మెత్తటి సీట్లు, మధ్యలో రోగిని పడుకోబెట్టడానికి బల్ల, దాని పక్కన మందుల పెట్టె, లైట్లు. చూస్తుంటే వరద వస్తే బాగుండుననిపించేంత అందంగా ఉంది. తెచ్చినవాళ్ళు దాన్ని నాలుగు చక్రాల ట్రెయిలరుతో సహా ఆవరణలో నిలబెట్టి, ఒక కరపత్రం మా చేతిలో పెట్టి వెళ్ళిపోయారు. ఇంత బరువు లాగేటప్పుడు ట్రెయిలరుకు సొంత బ్రేకులుండి తీరాలనీ, ఏ రకం కావాలో మేమే ఎంచుకుని బిగించుకోవాలనీ అందులో రాసి ఉంది. అది నిజమే. ట్రాక్టరు డ్రైవరు బ్రేకు తొక్కితే ట్రాక్టరు ఆగుతుంది. వెనకున్న బోటుకు ఆ కబురు అందదు.

ఇది మా డైరెక్టరు పురుషోత్తమరావుగారికి అనుభవంలో ఉన్న విషయం. కిందటేడు బ్రేకుల్లేని ట్రెయిలరు మీదున్న ఒక చిన్న బోటు, ఆఫీసు ముందున్న వాలులో ఎవరికీ చెప్పకుండా బయలుదేరి, గేటు పక్కన కొత్తగా పాతిన శిలాఫలకాన్ని గుద్దింది. మంత్రిగారి పేరు ఒక ముక్కలోకీ, డైరెక్టరుగారి పేరు ఇంకో ముక్కలోకీ వెళ్ళిపోయాయి. మనుషులెవరికీ ఏమీ కాలేదు గానీ, పేర్లకు దెబ్బ తగిలింది కాబట్టి విచారణ చాలా తీవ్రంగా జరిగింది. దాని ఫలితంగా ఈ ఏడాదిని 'శూన్య ప్రమాద సంవత్సరం'గా ప్రకటించారు. మా అందరి జేబుల మీదా గుండ్రటి సున్నా బిళ్లలు వెలిశాయి. బ్రేకులు ఖరారయ్యేదాకా ఏ ట్రెయిలరూ అంగుళం కూడా కదలరాదని ఉత్తర్వు వచ్చింది. బ్రేకుల ఎంపికకు ఒక సంఘం ఏర్పడింది.

సంఘానికి అధ్యక్షులు డైరెక్టరుగారు. సభ్యులు అకౌంట్స్ ఆఫీసరు పేరిశాస్త్రిగారు, రాజధాని నుంచి వచ్చిన భద్రతా సలహాదారు హైమవతిగారు. అసిస్టెంట్ ఇంజనీరునైన నేను కన్వీనర్ని. అంటే టీలు చెప్పడం, పెద్దలు అన్నది రాసుకోవడం, అననిది గ్రహించడం.

మొదటి సమావేశం రోజునే మువ్వలంక సర్పంచి నూకరత్నంగారు వచ్చింది. సోమవారాలు మేము అర్జీలు తీసుకుంటాం. ఆమె అర్జీ తేలేదు, కొబ్బరిబొండాలు తెచ్చింది. ఆవరణలో బోటు చుట్టూ ఒకసారి తిరిగి, చేత్తో తట్టి చూసి నా దగ్గరికి వచ్చింది.

"ఏఈ గారండీ, పెళ్ళికూతురిలా ఉందండి బోటు. మా రేవులోకి ఎప్పుడు దింపుతారండి?"

"బ్రేకులు బిగించగానేనమ్మా."

"పడవకి బ్రేకులేంటండి?"

"పడవకి కాదు, కింద బండికి."

"ఆహా. అయితే రేపో ఎల్లుండో అయిపోద్దన్నమాట." కుర్చీ చివర కూర్చుని గొంతు తగ్గించింది. "మా పెద్దమ్మాయి దుర్గకిది తొలికానుపండి. శ్రావణంలో నెలలు నిండుతాయి. కరెస్టుగా గోదారి పోటు మీదుండే రోజులు. అత్తోరిది మెట్ట ఊరు, ఆళ్ళ దగ్గరే ఉంచుకుంటావన్నారండి. తొలికానుపు పుట్టింట్లో జరక్కపోతే నలుగురూ మాటంటారని నేనే పట్టుబట్టి తెచ్చుకున్నాను. మీ బోటు వత్తాదన్న దైర్నం మీదే తెచ్చుకున్నానండి."

శ్రావణానికి ఇంకా చాలా రోజులున్నాయి. బ్రేకులు బిగించడానికి మెకానిక్కుకు ఒక పూట చాలు. అందుకని నేను కూడా నిబ్బరంగా, "ఏం ఫరవాలేదమ్మా, ఈలోగా వచ్చేస్తుంది" అన్నాను. ఆ మాట ఎందుకన్నానా అని తరవాత చాలాసార్లు నన్ను నేను తిట్టుకున్నాను.

సమావేశంలో కరపత్రంలోని రకాలు ఒక్కొక్కటే చదివి వినిపించాను. మొదటి రకానికి తీగలూ గొట్టాలూ అక్కర్లేదు. ముందున్న ట్రాక్టరు నెమ్మదించగానే వెనకున్న ట్రెయిలరు దాన్ని ముందుకు తోస్తుంది. ఆ తోపుకే ట్రెయిలరు బ్రేకులు పడతాయి. నీళ్ళలోకి దిగినా చెడవు. రేవులో వెనక్కి తోసేటప్పుడు మాత్రం బ్రేకు పడకుండా ఒక పిన్ను పెట్టుకోవాలి. మనకిది సరిపోతుందని నా అభిప్రాయం చెప్పాను.

హైమవతిగారు కళ్ళజోడు తీశారు. "అంటే వెనక వాహనం ముందు వాహనాన్ని తోశాకే బ్రేకు పనిచేస్తుందన్నమాట. శాస్త్రీయంగా చూస్తే అది అప్పటికే ఒక సూక్ష్మ ప్రమాదం. శూన్య ప్రమాద సంవత్సరంలో ప్రమాదం మీద ఆధారపడి పనిచేసే పరికరాన్ని నేను ఎలా సిఫార్సు చెయ్యను?"

రెండో రకం కరెంటుది. ట్రాక్టరు దగ్గర నుంచి తీగ వెళుతుంది, మీట నొక్కితే బ్రేకు పడుతుంది. రేవులో నీళ్ళు తగిలితే తుప్పు పడుతుందని నేను చెప్పేలోగానే డైరెక్టరుగారు, "నీళ్ళూ, కరెంటూ!" అని ఆగిపోయారు. విద్యుత్ తనిఖీ శాఖ నుంచి అభ్యంతరం లేదన్న పత్రం కావాలన్నారు. వాళ్ళను అడిగితే, తమ పరిధి నేల మీద వరకేనని రాశారు.

మూడోది లారీలకుండే గాలి బ్రేకు. దీనికి పేరిశాస్త్రిగారు అడ్డం పడ్డారు. ఆయనకు బ్రేకుల గురించి ఏమీ తెలియదు గానీ ఆడిట్ గురించి అంతా తెలుసు.

"ట్రెయిలరు టైర్లలో గాలి ఉందా?"

"ఉందండి."

"అది కొన్నప్పుడే వచ్చిందా?"

"వచ్చిందండి."

"మరి ఉన్న గాలి ఉండగా మళ్ళీ గాలి కొంటే ఏమని రాసుకోవాలి? రేపు ఆడిట్‌వాడు నా పీక పట్టుకుంటే మీరొస్తారా?"

టైర్లలో గాలి వేరు, బ్రేకులో గాలి వేరు అని నేను చెప్పబోయాను. గాలిలో రకాలున్నట్టు ప్రభుత్వ ఉత్తర్వేదైనా ఉంటే చూపించమన్నారు. నా దగ్గర లేదు. నా మాటలన్నీ 'ఒక సభ్యుడు వ్యక్తిగత అభిప్రాయం వెలిబుచ్చారు' అని నా చేతే రాయించారు.

ఇలా జ్యేష్ఠం గడిచింది. నూకరత్నంగారు ప్రతి సోమవారం వస్తూనే ఉంది. ఆమెకు బ్రేకుల సంగతి చెప్పడం కంటే బొండాం తాగడమే నాకు సులువుగా ఉండేది. ఒకసారి విసుగొచ్చి, "బండిని ట్రాక్టరుకి కట్టి నిమ్మళంగా తోలండి. ఎనకాల తాళ్ళట్టుకుని మావోళ్ళు నడుత్తారు. మా అమ్మోరి రథాన్ని అలాగే ఆపుతావండి" అంది. నేను ఆ మాట ఉన్నదున్నట్టు సంఘం ముందు పెట్టాను. తాడు పట్టుకున్న మనుషులు వాహన భాగాలా, ప్రయాణికులా అన్న చర్చ సాయంత్రం దాకా సాగింది.

ఆఖరికి మేమే ఎంచడం ఎందుకు, టెండరు పిలిస్తే పోతుందన్నారు డైరెక్టరుగారు. ఇక్కడ మా శాఖ ఆచారం ఒకటి చెప్పాలి. ఏది కొన్నా తక్కువ అంకె వేసినవాడి దగ్గరే కొంటాం. అది దేని అంకె అన్నది పట్టింపు లేదు, తక్కువ కావాలి, అంతే. వెనకటికి తాళ్ళు కొన్నప్పుడు ఎవరు తక్కువ పొడుగు వేస్తే వాళ్ళవే కొన్నాం. ఆ తాళ్ళు ఇప్పటికీ ఫైళ్ళు కట్టుకోవడానికి పనికొస్తున్నాయి.

"బ్రేకు గొప్పతనం ఎక్కడ తెలుస్తుంది? ఎంత దూరంలో ఆపుతుందన్న దాంట్లో" అన్నారు హైమవతిగారు. "కాబట్టి అతి తక్కువ దూరంలో ఆపగలవాడికే ఇద్దాం."

అందరికీ నచ్చింది. ఎంత వేగంలో వెళుతుంటే అన్నది కూడా రాయాలేమోనని అడిగాను. ఇప్పుడు ట్రెయిలరు ఎంత వేగంతో ఉందని ఎదురడిగారు. నిలబడి ఉందన్నాను. ఉన్న స్థితినే రాయమన్నారు.

మూడు టెండర్లు వచ్చాయి. విశాఖపట్నం కంపెనీ ఒకటి తొమ్మిది మీటర్లలో ఆపుతామంది. చెన్నై కంపెనీ ఏడు మీటర్లలో అంది. మూడోది మా బస్టాండు వెనక గేట్లూ, కిటికీ గ్రిల్సూ చేసే సోమరాజుది. అతను సున్నా మీటర్లు అని వేశాడు.

డైరెక్టరుగారు ఆ కాగితాన్ని చాలాసేపు చూసి, జేబు మీదున్న బిళ్లను తడుముకున్నారు. "సున్నా" అన్నారు.

సోమరాజును పిలిపించి, ఎలా ఆపుతావని అడిగాను. "ఏవుందండి, చక్రాన్నీ ఇరుసునీ కలిపి వెల్డింగ్ కొట్టేత్తాను. మీరు నిలబడ్డదాన్నే కదా ఆపమన్నారు. అంగుళం కదిలితే నన్నడగండి" అన్నాడు. అతనిలో మోసమేమీ లేదు. మేము రాసింది చదివి, అడిగింది చేస్తానన్నాడు. నాలుగు చక్రాలకూ వెల్డింగ్ పడింది.

పరీక్షకు ఊళ్ళోని పెద్ద ట్రాక్టరును తెప్పించారు. గొలుసు కట్టి డ్రైవరు లాగాడు. ట్రెయిలరు కదల్లేదు. ఇంకా బలంగా లాగాడు. ట్రాక్టరు ముందు చక్రాలు గాల్లోకి లేచి, డ్రైవరు గుడిగోపురం చూస్తూ ఉండిపోయాడు. ట్రెయిలరు ఇసుమంత కూడా చలించలేదు. సిబ్బంది చప్పట్లు కొట్టారు. వెనక బండిని ఆపే బ్రేకులు లోకంలో చాలా ఉన్నాయనీ, ముందు బండిని కూడా ఆపిన బ్రేకు ఇదేననీ హైమవతిగారు తన నివేదికలో రాశారు.

నేను ఆగలేక, "సార్, మరి ఇది రేవుకు ఎలా వెళుతుంది?" అన్నాను.

డైరెక్టరుగారు నా వంక జాలిగా చూశారు. "మనది బ్రేకుల సంఘమయ్యా. ఆపడం వరకే మన బాధ్యత. కదిలించడానికి వేరే సంఘం వేయాలి."

వేశారు కూడా. కదలికల సంఘంలోనూ మేమే నలుగురం. వెల్డింగ్ కోయిద్దామని నేను ప్రతిపాదించాను. పై అధికారులు ఆమోదించిన బ్రేకును వదులు చేయడం శిక్షార్హమని పేరిశాస్త్రిగారు నియమావళి తీసి చూపించారు. బోటునొక్కదాన్నీ క్రేనుతో లేపి వేరే ట్రెయిలరు మీద పెడదామన్నాను. ఆ వేరే ట్రెయిలరుకు బ్రేకులున్నాయా అని అడిగారు.

ఆషాఢం వెళ్ళిపోయింది. నూకరత్నంగారు బొండాలు తేవడం మానేసింది. వచ్చి, బోటును చూసి, నన్ను చూసి, ఏమీ అడక్కుండా వెళ్ళిపోయేది. అడిగితే బాగుండుననిపించేది నాకు. ఒక సోమవారం ధైర్యం చేసి, "అమ్మాయిని అత్తారింటికి పంపించెయ్యండమ్మా, బోటు మీద ఆశ పెట్టుకోకండి" అని చెప్పేశాను. "రేపు తీసుకెళ్దావనుకున్నానండి. రాత్రే లంకకి నాలుగేపులా నీళ్ళొచ్చేసినియ్యి. నేనే చేపల నావలో పడతా లేత్తా వచ్చాను, నిండు చూలాల్ని ఎలా ఎక్కిత్తానండి" అంది.

మర్నాటికి మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేశారు. మా ఆవరణలో కంట్రోల్ రూము పెట్టారు. ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. లంకల్లో జనం బడి డాబాల మీదికి ఎక్కారని కబుర్లు వస్తున్నాయి. పక్క మండలం నుంచి రెండు పాత బోట్లు తెప్పించి తిప్పుతున్నారు. మా కొత్త బోటు, టాపు కింద సీట్ల మీద ఒక్క చుక్క పడకుండా, ఆవరణలోనే నిలబడి ఉంది. కిటికీలోంచి దాన్ని చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోయింది.

మధ్యాహ్నం వానలో ఒక ఆటో వచ్చి గేటు దగ్గర ఆగింది. ముందు నూకరత్నంగారు దిగింది. నడుం దాకా బురద. ఆమె వెనక ఆశా కార్యకర్త, ఆటోలో పళ్ళు బిగబట్టుకుని దుర్గ. చేపల నావలో, కొబ్బరిచెట్ల మానులు పట్టుకుంటూ లంక దాటి వచ్చారట. ఒడ్డున ఆటో దొరికింది గానీ, ఆస్పత్రి రోడ్డులో కల్వర్టు మీద నీళ్ళు పారుతున్నాయి. ఊళ్ళో మునగని చోటు మాదొక్కటే.

"ఇంక టైము లేదు సార్" అంది ఆశా కార్యకర్త. "పడుకోబెట్టడానికి చోటు చూపించండి."

మా గదుల నిండా ఫోన్లూ, బురదకాళ్ళ జనం. పొడిగా, శుభ్రంగా, పడుకోవడానికి బల్లా, లైట్లూ, మందుల పెట్టె ఉన్న చోటు ఆవరణ మొత్తం మీద ఒక్కటే ఉంది. నేను నిచ్చెన తెచ్చి బోటుకు ఆనించాను.

డైరెక్టరుగారు గొడుగుతో పరిగెత్తుకొచ్చారు. "ఏం చేస్తున్నారు మీరు? ఆ బోటు ఇంకా ప్రయాణికులకు అనుమతించలేదు. ఏదైనా జరిగితే ఎవరిది బాధ్యత?"

"సార్, ఇది కదలదు. మీరే పరీక్ష చేయించారు" అన్నాను. నా జన్మలో ఆయనతో అంత గట్టిగా మాట్లాడలేదు.

ఆయన ఒక్క నిమిషం ఆలోచించారు. "నిజమే. అయితే నిబంధన ప్రకారం లైఫ్ జాకెట్ వేయించండి."

జాకెట్ తెచ్చి దుర్గ తల కింద పెట్టాం. నేను నిచ్చెన కింద తడుస్తూ నిలబడ్డాను. ఇంతకుముందు ఏ దేవుణ్ణీ ఏమీ అడిగి ఎరగను. ఆ రోజు గోదావరిని, ఆ వానని, చివరికి సోమరాజు వెల్డింగుని కూడా దణ్ణాలు పెట్టుకుని బతిమాలాను. చాలాసేపటికి పైనుంచి పసిపిల్ల ఏడుపు వినిపించింది. నూకరత్నంగారు తల బయటపెట్టి, "ఆడపిల్లండి. ఇద్దరూ బానే ఉన్నారు" అని, పైట చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేసింది. నాకూ కళ్ళు నిండాయి.

గోదావరి రెండు రోజుల్లో తీసింది. మువ్వలంకలో గొడ్లు పోయాయి గానీ మనుషులెవరూ పోలేదు. అందులో మా గొప్పేమీ లేదు.

వరద తగ్గగానే బోటు వినియోగం మీద రాజధాని నివేదిక అడిగింది. డైరెక్టరుగారు చెబుతుంటే నేను రాశాను. 'బోటు ఎక్కినవారు: ఒకరు. దిగినవారు: ఇద్దరు. ప్రయాణించిన దూరం: సున్నా. ఖర్చయిన డీజిలు: సున్నా. ప్రమాదాలు: సున్నా.' ఎక్కినవాళ్ళకంటే దిగినవాళ్ళు ఎక్కువగా ఉన్న రక్షణ చర్య దేశంలో ఇంకెక్కడా నమోదు కాలేదని హైమవతిగారు కింద ఒక వాక్యం చేర్చారు. పదిరోజుల్లో ప్రశంసాపత్రం వచ్చింది. మిగతా జిల్లాల ట్రెయిలర్లకు కూడా ఇదే రకం బ్రేకులు బిగించాలన్నారు. సోమరాజు గేట్లు చేయడం మానేశాడు.

తల్లినీ బిడ్డనూ లంకకు తీసుకెళుతూ నూకరత్నంగారు ఆఫీసుకు వచ్చింది. డైరెక్టరుగారు బయటికొచ్చి, బిడ్డను ఎత్తుకుని, బోటు ముందు ఫొటో తీయించుకున్నారు. "ఏమ్మా, మా బోటు మీకు ఉపయోగపడింది కదా. ఇంకా ఏమైనా కావాలంటే మొహమాటపడకుండా చెప్పండి" అన్నారు.

ఆమె బిడ్డను తీసుకుని భుజాన వేసుకుంది.

"ఒక్కటేనండి. బోటు మాకాడికి రాదని మాకు తెలిసిపోయింది. వచ్చే ఏడు గోదారినే ఇక్కడిదాకా తెప్పించండి. మేవే వచ్చి ఎక్కుతాం."

నేను తల దించుకున్నాను. డైరెక్టరుగారు నవ్వుతారనుకున్నాను, లేదంటే కోప్పడతారనుకున్నాను. ఆయన గడ్డం నిమురుకుంటూ కాసేపు బోటు వంకా, కాసేపు గోదావరి ఉన్న దిక్కు వంకా చూశారు.

"సూచనలో విషయం ఉంది" అని నా వైపు తిరిగారు. "సాధ్యాసాధ్యాలు పరిశీలించి నోటు పెట్టండి."

నూకరత్నంగారు నా మొహం కూడా చూడకుండా, కూతురి చెయ్యి పట్టుకుని వాలు దిగి వెళ్ళిపోయింది. కింద ఆటో ఉంది, ఆటో తరవాత ఒడ్డున అదే చేపల నావ ఉంది.

నోటు పెట్టాను. ఆ ఫైలు పేరిశాస్త్రిగారి దగ్గర ఆగలేదు, హైమవతిగారి దగ్గరా ఆగలేదు. పెట్టిన రోజునే అన్ని సంతకాలూ పడి రాజధానికి వెళ్ళిపోయింది.